పాయింట్లు లేకపోయినా ఎందుకు పరిగెడతారు?

సింగపూర్‌లో 2015లో రెండు పథకాలు మొదలయ్యాయి. ఒకటి హెల్త్ ప్రమోషన్ బోర్డు వారి నేషనల్ స్టెప్స్ ఛాలెంజ్. నడిస్తే పాయింట్లు, పాయింట్లకు వోచర్లు. బద్ధకస్తుణ్ణి కుర్చీలోంచి లేపడానికి మంచి ఉపాయమే. కాకపోతే వోచర్ మీదే ఆశ పెట్టుకున్నవాడు అది ఆగిపోతే నడకా ఆపేస్తాడేమో!

రెండోది సివిల్ డిఫెన్స్ ఫోర్స్ తెచ్చిన మైరెస్పాండర్ యాప్. ఎవరికో గుండె ఆగినట్టుందని 995కు ఫోన్ వెళ్తే, 400 మీటర్ల లోపు ఉన్న వాలంటీర్ల ఫోన్లు మోగుతాయి. రోగి ఎక్కడున్నారో, ఏఈడీ ఎక్కడ దొరుకుతుందో తెర మీద కనిపిస్తుంది. ఏఈడీ అంటే లయ తప్పిన గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే చిన్న యంత్రం. చాలా అపార్ట్‌మెంట్ల కింద, లిఫ్టు దగ్గరే ఉంటుంది. తింటున్న అన్నం వదిలేసి, దాన్ని పట్టుకుని పరుగెత్తాలి. షాక్, సీపీఆర్ అందకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది మరి.

పరుగెత్తినందుకు డబ్బేమీ రాదు. అయినా ఎందుకు వెళ్తారు? ‘సమాజానికి సేవ చేయండి’ అంటే ఎవరూ కదలరు. ఈ యాప్ మాత్రం ఎవరికి, ఎక్కడ, ఇప్పుడే నువ్వేం చేయగలవో చెబుతుంది. డిజైన్‌లోని అసలు నేర్పు అదే.

అలాగని పాయింట్లన్నీ దండగ కాదు. 2008లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు తెచ్చిన ఫోల్డిట్ ఆటలో ప్రొటీన్‌ను ఎంత సరిగ్గా మడిస్తే అంత స్కోరు. కోతులకు సోకే ఒక వైరస్ ఎంజైమ్ ఆకారం ఏళ్ల తరబడి శాస్త్రవేత్తలకు చిక్కలేదు. 2011లో దాన్ని పట్టేసింది ఈ ఆటగాళ్లే!