మూలలరిగిన బోల్టును ఊడదీయు విధము

కోసిగి ప్రాంతపు నల్లరేగడి బాటలలో పత్తియు, ఉల్లిగడ్డలును, మిరపకాయలును మోయు ట్రాలీలకు కమాను పట్టీలు విఱుగుట రైతులకు క్రొత్తకాదు. వానకాలమున చక్రముల క్రిందనుండి యెగసిన బురద బోల్టుల మరలలో జొచ్చి, వేసవికి ఱాతివలె గట్టిపడును. దాని మాటున త్రుప్పు పెరుగును. పత్తిని ఆదోని మార్కెట్టునకు తోలవలసిన దినములలో పట్టీ విఱిగినచో, క్రొత్తపట్టీ వేయుటకంటె పాతబోల్టును తీయుటకే యెక్కువ కాలము పట్టును. తొందరలో పానా జాఱి, బోల్టుతల ఆఱు మూలలును అరిగి గుండ్రనగును. పిమ్మట దానికి పట్టు దొరకదు.

మూలలరుగుటకు ముఖ్యకారణము కొలత తప్పిన పానా. పాతయంత్రములలో అంగుళముల బోల్టులు కలవు. ఇంగ్లండున విట్‌వర్తు అను నతడు 1841లో మరలకు ఏర్పరచిన కొలత చిరకాలము వాడుకలో నుండెను. నేడు మిల్లీమీటర్ల బోల్టులే హెచ్చు. అందును చిక్కు లేకపోలేదు: 12 మిల్లీమీటర్ల బోల్టుకు ఒక పద్ధతిలో తల 19, మఱియొక పద్ధతిలో 18 మిల్లీమీటర్లుండును. 18 తలకు 19 పానా వేసినచో అది మూలలనే కొఱుకును. పండ్రెండు మూలల రింగుపానాకంటె ఆఱు మూలల పానా మేలు. అది తల పలకలను ఒత్తునుగాని మూలలపై భారము వేయదు.

పనికి ముందు ట్రాలీని ఖాళీచేసి, చక్రములకు ఱాళ్లు వేసి, చట్రము క్రింద దుంగలు పేర్చవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రింద దూఱరాదు. ఇరుసును పట్టియుంచునవి ఈ బోల్టులేయని మఱువరాదు.

తీగబ్రష్షుతో మరలను శుభ్రముచేసి, త్రుప్పు వదల్చు నూనె పోసి రాత్రియంతయు నుంచవలెను. అది దొరకనిచో డీజిలు కొంతవఱకు పనిచేయును. ఉదయమున తలపై సుత్తితో పలుమాఱు కొట్టవలెను. ఆ యదురునకు త్రుప్పు పగిలి నూనె లోనికి దిగును. మొదట కొంచెము బిగించు వైపునకు, తరువాత వదలు వైపునకు త్రిప్పుచు రావలెను. క్రింద పరుండి పనిచేయువారు దిక్కు తెలియక బిగించుటయు కలదు: నట్టునకు ఎదురుగా చూచినపుడు గడియారపు ముండ్లకు ప్రతికూలముగా త్రిప్పిననే వదలును. పానాకు పొడవుగొట్టము తొడిగి ముగ్గురు వ్రేలాడుట మేము చూచుచున్నాము. బోల్టు రాకపోగా తల తెగి, పని రెట్టింపగును.

తల గుండ్రనైన పిమ్మట ఆకురాయితో ఎదురెదురుగా రెండు పలకలు తీయుట యుత్తమము. 19 తలను ఇరువైపుల ఒక్కొక్క మిల్లీమీటరు రాచినచో 17 పానా గట్టిగా పట్టును. లేదా కొంచెము చిన్నదైన ఆఱు మూలల సాకెట్టును సుత్తితో కొట్టి తలపై నెక్కింపవచ్చును. పదునైన ఉలిని అంచున ఏటవాలుగా నిలిపి, వదలు దిక్కునకు కొట్టుటయు పాతపద్ధతియే. పుట్టగొడుగువలె తల విచ్చిన ఉలిని వాడరాదు. దాని పెచ్చులు కంటిలో పడును. అద్దములు ధరింపవలెను.

ఇంకను కదలనిచో వేడి చేయుదురు. ఉక్కు వేడికి పెరుగును: 20 మిల్లీమీటర్ల నట్టు 300 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.07 మిల్లీమీటరు విప్పారును. స్వల్పమేయైనను త్రుప్పు పట్టును వదల్చుటకు చాలును. అయితే నట్టును మాత్రమే కాచవలెను. కమానుపట్టీకి మంట తగిలినచో దాని పదును పోయి, బరువునకు వంగును. రబ్బరు బుష్షులు కాలును. డీజిలు పోసినచోట మంట చూపరాదు. అరిగిన తలపై పెద్ద నట్టును పెట్టి నడుమ వెల్డింగు చేయించినచో, క్రొత్తతలయు వేడియు ఒక్కమాఱే లభించును. అపుడు ట్రాలీని ట్రాక్టరునుండి విడదీయవలెను.

యూ బోల్టుల విషయములో ఇంత శ్రమ యనవసరము. ఒకమాఱు ఊడదీసినవానిని మరల వాడుట మంచిదికాదు గనుక, నట్టును కోయించివేయుటే మేలు. మధ్యబోల్టు అట్లుకాదు. పట్టీల నన్నింటిని బిగింపుతో గట్టిగా పట్టించిన తరువాతనే దానిని కోయవలెను. లేనిచో పట్టీలు ఒక్కసారిగా విచ్చి చేతిని గాయపఱచును.

క్రొత్తబోల్టును సంతలో దొరకినదానితో సరిపెట్టరాదు. తలపై 8.8 అను గుర్తున్నది చదరపు మిల్లీమీటరునకు 800 న్యూటనుల లాగుడునకు ఓర్చును, 4.6 గుర్తుది అందు సగమే, 400. రూపమున రెండును ఒక్కటే గనుక, గుర్తు చూచి కొనవలెను. మొదటి బరువు తోలిన పిమ్మట క్రొత్తపట్టీలు అణగి నట్టులు వదులగును. వదులైన యూ బోల్టు ఇరుసును ప్రక్కకు జరగనిచ్చును, మధ్యబోల్టును తెంపును. కావున బరువు దింపి వచ్చిన నాడే యూ బోల్టుల నట్టులను ఎదురెదురుగా నాలుగింటిని మరల బిగింపవలెను.