పెళ్లి క్యాసెట్ పాడైందని తేల్చేముందు

1980లు, 90లలో పెళ్లిళ్లయిన ఇళ్లలో బీరువా పై అరలో ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ ఉంటుంది. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు, ఇప్పుడు మన మధ్య లేని తాతయ్యలు, నానమ్మలు అందరూ అందులోనే ఉంటారు. పిల్లలు దాన్ని స్టూడియోలో ఇచ్చి ఫైలుగా మార్పించి తెస్తున్నారు. కంప్యూటర్‌ను హెచ్‌డీఎంఐ కేబుల్‌తో హాల్లో టీవీకి కలిపి అందరూ కూర్చుంటారు. తీరా చూస్తే బొమ్మ గీతలు గీతలుగా, మొహాలు సాగదీసినట్టు వస్తాయి. ‘టేపు పోయిందిలే’ అని పక్కన పడేస్తారు. చాలా ఇళ్లలో లోపం టేపులో లేదు, సెట్టింగుల్లో ఉంది.

అపోహ: ఈ ఫైలును ఆడించడానికి గ్రాఫిక్స్ కార్డున్న ఖరీదైన కంప్యూటర్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతి టేపును సరిగ్గా ఫైలుగా ఎక్కిస్తే ఒక్కో ఫ్రేము 720×576 పిక్సెళ్లు ఉంటుంది, అంటే సుమారు 4 లక్షల 15 వేలు. 4కె టీవీ తెర మీద ఉండేవి దాదాపు 83 లక్షలు. ఇరవయ్యో వంతు బొమ్మను ఆడించడానికి పాత ఆఫీసు డెస్క్‌టాప్ చాలు, చిన్న మినీ పీసీ అయినా సరే. వీడియో ఆడించే ప్లేయర్లు వీఎల్‌సీ, కోడి రెండూ ఉచితమే. ఖర్చు పెట్టగలిగితే ఎక్కించే దగ్గర పెట్టండి. హెడ్లు శుభ్రంగా ఉన్న వీసీఆర్, టేపు నుంచి వచ్చే సిగ్నల్‌ను కుదుటపరిచే టైమ్ బేస్ కరెక్టర్ ఉన్న చోటికి వెళ్లండి. అక్కడ పోయిన నాణ్యతను ఏ కంప్యూటరూ వెనక్కి తేలేదు.

అపోహ: బొమ్మ మీద గీతలు పడితే టేపు అరిగిపోయినట్టే.

వాస్తవం: ఏ గీతలో ముందు చూడండి. టేపు పూత రాలితే ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న తెల్ల చారలు మెరిసి మాయమవుతాయి. టేపు సాగితే బొమ్మ పైభాగం పక్కకు వంగుతుంది. అలా కాకుండా తలంబ్రాలు పోస్తున్న చేతుల అంచులు మాత్రమే దువ్వెన పళ్లలా చీలి, ఆ చేతులు ఆగగానే మామూలుగా అయిపోతున్నాయా? అయితే టేపు క్షేమం. అది ఇంటర్‌లేసింగ్.

పాల్ వీడియోలో సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేములో రెండు సగాలు: బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఒకటి. ఆ రెండు సగాలకూ మధ్య సెకనులో 50వ వంతు తేడా. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ ఒకదాని తర్వాత ఒకటి గీసేది కాబట్టి కదలిక సాఫీగా కనిపించేది. ఇప్పటి తెర రెండింటినీ ఒక్కసారే చూపిస్తుంది. ఈలోగా చెయ్యి కాస్త జరిగి ఉంటుంది కాబట్టి అంచు చీలుతుంది. వీఎల్‌సీలో వీడియో మెనూకి వెళ్లి డీఇంటర్‌లేస్ ఆన్ చేసి, మోడ్ దగ్గర ‘యాడిఫ్ 2ఎక్స్’ ఎంచుకోండి. ఒక్కో సగం నుంచీ ఒక పూర్తి బొమ్మ తయారై సెకనుకు 50 బొమ్మలు వస్తాయి. ‘బ్లెండ్’ పెడితే మాత్రం రెండు సగాలూ కలిసిపోయి చేతుల వెనక నీడలు పడతాయి.

దీన్ని మించిన చిక్కు ఇంకొకటుంది. కొన్ని చోట్ల ‘హెచ్‌డీ చేసిచ్చాం’ అంటూ ఆ చీలికలను సరిచేయకుండానే బొమ్మను 1280×720కి సాగదీస్తారు. అప్పుడు గీతలు బొమ్మలో కలిసిపోతాయి, ఆ తర్వాత ఏ ప్లేయరూ వాటిని శుభ్రంగా విడదీయలేదు. నా మాటగా ఒకటే చెబుతాను: సైజు మార్చకుండా, ఇంటర్‌లేస్ అలాగే ఉంచి 720×576లోనే ఇమ్మని ముందే అడగండి.

అపోహ: బొమ్మ తెర నిండా రావాలి.

వాస్తవం: టేపులోది 4:3 బొమ్మ. వెడల్పు టీవీలో రెండు పక్కలా నల్లపట్టీలు ఉండటమే సరైన పద్ధతి. సాగదీస్తే పెళ్లికూతురి మొహం మారిపోతుంది, జూమ్ చేస్తే పైన తలలు తెగుతాయి. అడుగున సన్నగా వణికే పట్టీ కూడా లోపం కాదు. వీసీఆర్‌లో ఒక హెడ్ నుంచి ఇంకో హెడ్‌కు మారే చోటు అది. పాత టీవీల్లో తెర అంచు దాన్ని దాచేసేది.

అపోహ: అమెరికా నుంచి వచ్చిన టేపు మన దగ్గర ఆడదు.

వాస్తవం: ఆ అడ్డంకి వీసీఆర్ దగ్గరే. అక్కడ వాడిన ఎన్‌టీఎస్‌సీ పద్ధతి టేపును ఆడించగల వీసీఆర్‌తో ఒకసారి ఫైలుగా మారిస్తే కంప్యూటర్‌కు రెండూ ఒకటే. అయితే డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును మన టేపులకు 50 హెర్ట్జ్, అక్కడివాటికి 60 హెర్ట్జ్ పెట్టండి. లేకపోతే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది. కోడిలో దీన్ని దానంతటదే మార్చుకునే సెట్టింగు ఉంది.

అపోహ: కృత్రిమ మేధతో పాత టేపును 4కె చేయొచ్చు.

వాస్తవం: వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం సుమారు 240 లైన్లే. లేని వివరాన్ని ఆ సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. దూరంగా నిలబడ్డ నానమ్మ మొహంలో కళ్లు, పెదవులు దాని కల్పన అవుతాయి. సరదాగా చూడటానికి చేసుకోండి కానీ దాచుకునే ప్రతి అది కాకూడదు.

అపోహ: ఫైలు వచ్చేసింది కాబట్టి క్యాసెట్ పారేయొచ్చు.

వాస్తవం: వద్దు. వీసీఆర్‌లు తయారు చేస్తూ వచ్చిన చివరి కంపెనీ, జపాన్‌కు చెందిన ఫునాయ్, 2016 జులైలో ఆపేసింది. బాగున్న యంత్రాలు ఏటా తగ్గుతున్నాయి. అయినా ఫైలు పోతే మళ్లీ ఎక్కించుకునే ఒకే ఒక్క దారి ఆ క్యాసెట్. పెన్‌డ్రైవ్ అందించడానికే గానీ దాచడానికి కాదు, ఇంట్లో రాసుకున్న డీవీడీలూ కాలంతో చదవడానికి రాకుండా పోతాయి. డీవీ పద్ధతిలో గంట టేపుకు దాదాపు 13 జీబీ అవుతుంది, ఇప్పటి హార్డ్‌డిస్క్‌లకు అది పెద్ద బరువేం కాదు. అసలు ఫైలును కుదించకుండా రెండు హార్డ్‌డిస్క్‌ల మీద పెట్టి, ఒకటి మీ దగ్గర ఉంచుకుని రెండోది తోబుట్టువుల ఇంట్లో ఉంచండి. ఏడాదికోసారి రెండూ తెరిచి, తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి.