అద్దాల పెట్టెలో శక్కర్‌నగర్

షాడో బాక్స్ అనే మాట మనకు కొత్త కావచ్చు గాని, పని మరీ కొత్తదేం కాదు. పటం కట్టే షాపులో ఫొటోకు అద్దం వేసి చుట్టూ చెక్క బిగిస్తారు కదా! ఆ చెక్కకు రెండు మూడు అంగుళాల లోతు ఇచ్చి, ఫొటో బదులు వస్తువులను అమర్చితే అదే షాడో బాక్స్. మన సౌకర్యం కోసం అద్దాల పెట్టె అందాం. అమెరికాలో జోసెఫ్ కార్నెల్ (1903–1972) అనే కళాకారుడు పాత దుకాణాల్లో ఏరుకొచ్చిన సీసాలనూ, బొమ్మలనూ, కాగితం ముక్కలనూ ఇట్లాంటి పెట్టెల్లో అమర్చే పేరు తెచ్చుకున్నాడు. మనకంత కళ అక్కరలేదు. వస్తువు చెడకుండా ఉండాలి, దాని కథ దాన్ని విడిచిపోకుండా ఉండాలి. అంతే.

నాకీ అవసరం బోధన్ వల్ల కలిగింది. 1931లో నిజాంసాగర్ పూర్తయి, కాలువ నీళ్ళు పారిన నేలలో చెరకు తోటలు లేచాయి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. దాని చుట్టూ వెలసిన కాలనీకి శక్కర్‌నగర్ అనే పేరే వచ్చింది. 2002లో అది ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించి మూసేశారు. మా బాపు అంతకు చాలా ముందే రిటైరయ్యాడు.

బాపు పోయిన తరువాత ఆయన ట్రంకుపెట్టె తెరిస్తే మూడు వస్తువులు మిగిలాయి. ఒకటి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ. రెండోది రెండు వేళ్ళ వెడల్పున్న గాజుపలక. మూడోది మా తాత బండెడు చెరకు తోలినప్పటి కాటా చీటీ.

ఆ గాజుపలక సంగతి కొంచెం చెప్పాలి. బాపు పాన్‌మన్. శుద్ధి చేసి చిక్కబరచిన చెరకు రసాన్ని పాన్‌లో, అంటే గాలి లాగేసిన పెద్ద పాత్రలో ఉడికిస్తారు. లోపల గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, నీళ్ళు మరిగే వేడికన్నా తక్కువ వేడిలోనే పాకం ఉడుకుతుంది, చక్కెర మాడదు. లోపల గింజ కట్టిందో లేదో తెలిసేదెట్లా? ఒక కడ్డీతో కొంచెం పాకం బయటికి తీసి, గాజుపలకమీద పూసి వెలుతురుకు పెట్టి చూడాలి. గింజలు సమంగా పెరుగుతున్నాయా, మధ్యలో అక్కరలేని సన్న గింజ పుట్టుకొస్తున్నదా అని కనిపెట్టడం కంటి పని, అనుభవం పని. తెలియనివాడి చేతిలో పడితే అది పగిలిన కిటికీ ముక్క!

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. కాటా చీటీ మడతల దగ్గర చిరుగుతున్నదని ఒక షాపులో లామినేషన్‌కు ఇచ్చాను. షాపతను చూడముచ్చటగా ఉండాలని అంచులు సమంగా కత్తిరించి మరీ ప్లాస్టిక్ వేశాడు. ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "తారీకేది బిడ్డా?" అన్నది. తారీకు ఉన్న మూల కత్తిరింపులో పోయింది. "మా పెండ్లి ఖర్చు గా చెరుకు పైసలే. యే యేడో గండ్లనే ఉండె" అన్నది. ఆమెకు ఏడు గుర్తులేదు. చెప్పగలిగినవాళ్ళెవరూ మిగల్లేదు. వేడితో అతికిన ఆ ప్లాస్టిక్‌ను ఇప్పుడు ఊడదీయబోతే కాగితమే ఊడి వస్తుంది.

కాబట్టి మొదటి సూత్రం: మళ్ళీ విప్పలేని పని ఏదీ చేయకూడదు. ఫెవికాల్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. టేపు కొన్నేళ్ళకు పచ్చబడి రాలిపోతుంది, మరక మాత్రం ఉండిపోతుంది. వస్తువులను కుట్టాలి. వెనుక అట్టకు తెల్ల నూలు గుడ్డ చుట్టండి. కొత్త గుడ్డ అయితే గంజి పోయేలా రెండుసార్లు ఉతకండి, గంజికి పురుగులు వస్తాయి. బిళ్ళ చుట్టూ నాలుగుచోట్ల దారం తిప్పి వెనుక ముడివేస్తే చాలు. కాగితాన్ని కుట్టకూడదు, మూలలకు కాగితపు జేబులు చేసి అందులో దూర్చాలి. ఏదైనా తప్పక అంటించవలసి వస్తే పలుచని మైదా జిగురు మేలు, తడిపితే వదులుతుంది. పుస్తకాలు బైండు చేసేవాళ్ళు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు గాని, రాగి ఉప్పు కాగితానికి మంచిది కాదు.

ఫొటోలూ చీటీలూ అయితే అసలువి పెట్టెలో పెట్టనేకూడదని నా అభిప్రాయం. మంచి నకలు తీయించి అది పెట్టండి. వెలుతురు తిన్న రంగు మళ్ళీ రాదు. ఎండ నేరుగా పడకపోయినా రోజూ కొంచెం కొంచెంగా తింటూనే ఉంటుంది. కిటికీకి ఎదురు గోడ అందుకే పనికిరాదు. వానకాలంలో చెమ్మ పట్టే గోడ అంతకన్నా పనికిరాదు. పెట్టె వెనుక కింది మూలలకు రెండు బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ పెట్టెకూ మధ్య గాలి ఆడుతుంది. లోపల ఏ వస్తువూ అద్దానికి తగలకుండా చూడాలి, ముఖ్యంగా ఫొటో. ముసురులో అద్దానికి అతుక్కున్న ఫొటోను విడదీయబోయి ముఖాలు పోగొట్టుకున్న ఇండ్లు ఎన్ని లేవు!

ప్లైవుడ్ చౌక. అయితే దాని జిగురు ఆవిర్లు కాగితాన్నీ లోహాన్నీ పాడుచేస్తాయి. వాడితే వార్నిషు వేసి, వాసన పోయేదాకా కొన్ని వారాలు తెరిచి ఉంచండి. ఇత్తడిని బ్రాసోతో తళతళలాడించాలని ఉబలాటపడకండి, అంకెలు అరిగిపోతాయి. పొడిగుడ్డ చాలు. నాకైతే గుప్పెడు చక్కెర కూడా పెట్టాలనిపించింది గాని, చీమలు తలపుకు వచ్చి ఊరుకున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం వెనుక రాసే చీటీ. ఏ వస్తువు, ఎవరిది, ఎక్కడిది, ఎవరు చెప్పారు అన్నది పెన్సిలుతో రాయండి. సిరా కారినట్టు పెన్సిలు కారదు. తెలియనిదాన్ని ఊహించి రాయొద్దు. కాటా చీటీ నకలు వెనుక నేను "తారీకు పోయింది, నా పొరపాటు, అమ్మానాన్నల పెండ్లి ఈ చెరకు డబ్బుతోనే అని అమ్మ చెప్పింది" అని రాశాను. అమ్మ దగ్గర కూచుని గాజుపలక సంగతీ, బిళ్ళ సంగతీ రాయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పెట్టె చేయడానికి అంతకన్నా తక్కువే పట్టింది.

వెనుక పలకకు మేకులు కొట్టకుండా స్క్రూలు బిగించాను. ఏడాదికోసారి, దసరాకు విప్పి పురుగు చూసుకోవచ్చని. దసరాదాకా ఆగలేదు. గోడకు తగిలించిన రోజునే అమ్మ దగ్గరికి వచ్చి కండ్లు చిట్లించి చూసింది. నంబరు వైపు గీతలు పడ్డాయని నేను బిళ్ళను బోర్లించి కుట్టాను.

"బిళ్ళ ఉల్టా పెట్టినవ్ గదరా! గేటుకాడ సూపిచ్చేది నంబరే గదా" అన్నది.

స్క్రూడ్రైవర్ తెచ్చి మళ్ళీ విప్పాను.