డెర్బీషైర్‌లో మూగవోయిన సీసపు గని

శాతవాహనులు ఆంధ్రదేశంలో సీసపు నాణేలు చెలామణీ చేసిన యుగంలోనే, రోమనులు బ్రిటన్‌లోని డెర్బీషైర్ కొండలను తవ్వి అదే లోహాన్ని వెలికితీశారు. ఆ ప్రాంతపు ప్రాచీన వృత్తికి నేడు సాక్షిగా నిలిచినది బేక్‌వెల్ పట్టణ సమీపాన, షెల్డన్ గ్రామం వద్ద గల మాగ్‌పై గని.

ఇక్కడి నేల ముప్పై కోట్ల సంవత్సరాలకు పూర్వం సముద్రగర్భంలో ఏర్పడిన సున్నపురాయి. భూగర్భం నుండి ఎగబ్రాకిన వేడి ఉప్పు ద్రావణాలు రాతి పగుళ్ళలో గెలీనా అనే ఖనిజాన్ని నిక్షేపించాయి. సీసము, గంధకముల సమ్మేళనమైన ఈ ఖనిజాన్ని కొలిమిలో కాల్చి, గంధకాన్ని తొలగించి, సీసాన్ని రాబట్టేవారు.

ఖనిజపు పొర భూమిపై గల సరిహద్దులను ఎరుగదు. పొరుగున ఉన్న రెడ్ సాయిల్ గని కార్మికులకూ, మాగ్‌పై కార్మికులకూ ఒకే పొరపై వివాదం రేగింది. ప్రత్యర్థులను తరిమివేయడానికి భూగర్భంలో మంటలు రగిల్చి పొగ పెట్టసాగారు. 1833లో ఆ పొగకు ఊపిరాడక రెడ్ సాయిల్ కార్మికులు ముగ్గురు మరణించారు. హత్యానేరం మోపబడిన మాగ్‌పై కార్మికులు 1834లో డెర్బీ న్యాయస్థానంలో నిర్దోషులుగా విడుదలయ్యారు. మృతుల భార్యలు గనిని శపించారని జనశ్రుతి.

శాపం మాట ఎలా ఉన్నా, గనికి అసలు శత్రువు నీరు. లోతుకు పోయినకొద్దీ ఊట పెరిగేది. 1839లో నిర్వహణ చేపట్టిన జాన్ టేలర్ ఆవిరి యంత్రాలతో నీటిని తోడించాడు. యంత్రానికి బొగ్గు కావాలి; వాలుకు ఏ ఇంధనమూ అక్కరలేదు. అందుచేత 1873 నుండి 1881 వరకు శ్రమించి, గని నీరు దానంతటదే వై నదిలోకి పారేలా మైలుకు పైగా సొరంగం తొలిచారు. కాని విదేశీ సీసం చవకగా దిగుమతి కావడంతో ఆ శ్రమ ఫలించలేదు. 1950ల దశకంలో జరిగిన చివరి ప్రయత్నమూ విఫలమైంది.

నేడు అక్కడ కప్పులేని యంత్రగృహం, పొగగొట్టాలు, కమ్మరి కొలిమి, ఇనుప చట్రం సందర్శకులకు కనిపిస్తాయి. 1962 నుండి పీక్ డిస్ట్రిక్ట్ గనుల చరిత్ర సంఘం వీటిని సంరక్షిస్తున్నది. సీసం కలిసిన నేలలో సైతం మనగల చిన్న తెల్లని పువ్వుల మొక్కలు వ్యర్థపు గుట్టలపై పూస్తాయి.

గని మూగవోయినా సీసం మాత్రం మన మధ్యనే ఉన్నది. బ్రిటన్‌లో 1970కి పూర్వం కట్టిన ఇళ్ళలో నేటికీ సీసపు నీటి గొట్టాలు ఉండవచ్చు. స్వల్ప మోతాదులోనైనా సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలకు హానికరం. పాత ఇళ్ళలో నివసించే తల్లిదండ్రులు తమ గొట్టాలను ఒకసారి పరీక్షింపజేసుకొనుట శ్రేయస్కరం.