సోలార్ వచ్చింది, బొగ్గు తగ్గలేదు

రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద దాదాపు 500 ఎకరాల మేర సోలార్ పలకలు తేలుతున్నాయి. 100 మెగావాట్ల ఈ ప్లాంటు 2022 జూలై నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తోంది. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా నీళ్ళ మీదే ఉన్నాయి. అడుగున కాంక్రీటు దిమ్మెలు వాటిని కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. దీనికోసం ఏ రైతు భూమీ పోలేదు. నీటి చల్లదనానికి పలకలు కాస్త ఎక్కువ కరెంటు ఇస్తాయి, వాటి నీడకు నీరు ఆవిరవడం తగ్గుతుంది. ఏటా 1.65 లక్షల టన్నుల బొగ్గు ఆదా అవుతుందని అంచనా. పక్కనే ఉన్న గోదావరిఖని ఎండలు తెలిసినవాళ్ళకు, ఈ పని ఎప్పుడో చేయాల్సింది కదా అనిపిస్తుంది.

ఒడ్డున ఉన్న పొగగొట్టాల లెక్క వేరు. 1983లో మొదటి యూనిట్‌తో మొదలైన ఆ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2600 మెగావాట్లకు చేరింది. అన్ని యూనిట్లూ పూర్తిగా నడిస్తే ఉత్పత్తి రోజుకు ఆరు కోట్ల యూనిట్ల కరెంటు దాటుతుంది. పలకలు ఏడాదంతా ఇచ్చేది సుమారు 20 కోట్ల యూనిట్లు. థర్మల్ కేంద్రానికి అది నాలుగు రోజుల పని కూడా కాదు. పైగా ఇక్కడే 2023లో ఒకటి, 2024లో మరొకటి 800 మెగావాట్ల కొత్త యూనిట్లు వచ్చాయి. ఇవి యూనిట్ కరెంటుకు పాతవాటికన్నా తక్కువ బొగ్గు తింటాయి. అయినా మొత్తం మీద కాలే బొగ్గు పెరుగుతుంది.

దీన్ని తప్పని కొట్టిపారేయలేను. సగటు భారతీయుడు వాడే కరెంటు ప్రపంచ సగటులో సగం కూడా లేదు. బోరు మోటార్లకు, ఎత్తిపోతల పంపులకు, హైదరాబాద్ ఏసీలకు కరెంటు కావాలి. పొద్దుగూకితే పలకలు ఆగిపోతాయి, ఇళ్ళల్లో వాడకం అప్పుడే పెరుగుతుంది. కాబట్టి కొత్త సాంకేతికత పాతదాన్ని తీసేయకుండా దాని పక్కన వచ్చి చేరుతోంది.

థర్మల్ కేంద్రం కరెంటు రాష్ట్రాలు దాటి పోతుంది. బూడిద మాత్రం ఇక్కడే ఉంటుంది. మన బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిదే. ఎండాకాలం గాలి లేస్తే బూడిద చెరువు పక్క ఊళ్ళలో ఆరేసిన బట్టలమీద, వండిన అన్నంమీద అదే పడుతుంది. దేశ అభివృద్ధి ఖర్చులో ఈ ఊళ్ళు కడుతున్న వాటా ఏ కరెంటు బిల్లులోనూ కనిపించదు. నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచేది ఇదే.

ఈ కేంద్రానికి బొగ్గు ఇచ్చే సింగరేణి గనుల్లో వచ్చిన మార్పుకూ రెండు ముఖాలున్నాయి. 1990ల మొదట్లో అక్కడ లక్షమందికి పైగా పనిచేసి ఏడాదికి రెండు కోట్ల టన్నులకు లోపే తీసేవారు. 2023-24లో నలభైవేల పైచిలుకు మందితో ఏడు కోట్ల టన్నులు తీశారు. ఓపెన్‌కాస్టుల్లో షావెళ్ళు, డంపర్లు వచ్చాక బాయిలోకి దిగి ప్రాణాలమీదికి తెచ్చుకునే కష్టం చాలా తగ్గింది. దాంతోపాటు కొలువులూ తగ్గాయి, ఊరి చుట్టూ మట్టి గుట్టలు పెరిగాయి, బ్లాస్టింగ్‌కు గోడలు బీటలు వారుతున్నాయి. ఆ మట్టిని కడిగి ఇసుక తీసి భూగర్భ గనుల ఖాళీలు నింపడం సింగరేణి చేసిన మంచి పని. గోదావరి ఇసుక ఆ మేరకు మిగులుతుంది.

ఇప్పుడు ఇదే ప్రాంతంలో బొగ్గు తీసేసిన మేడిపల్లి ఓపెన్‌కాస్టు గుంతలో పంప్డ్ స్టోరేజీ ప్లాంటు ప్రతిపాదన ఉంది. పగలు సోలార్ కరెంటుతో నీళ్ళను పైకెక్కించి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. అది నడిస్తే సాయంత్రపు కరెంటులో కొంతైనా బొగ్గు లేకుండా వస్తుంది. అందులో కొలువుల్ని గని ఆగిపోయి పని పోయిన కాంట్రాక్టు కార్మికులకు, బూడిద చెరువు పక్క ఊళ్ళ పిల్లలకు ముందుగా ఇవ్వాలి. దానికి కావలసిన శిక్షణ ప్లాంటు కట్టేలోపే మొదలుపెట్టాలి.