అది బ్లూటూత్ కాదు... చెవి!

నిరుడు మా బాబాయి కొడుకుని ఓ పోటీ పరీక్షకు బండి మీద దింపడానికి వెళ్లా. గేటు దగ్గర తనిఖీ చేస్తున్నాయన వాడి చెవి వెనక చూసి, ‘ఆ బ్లూటూత్ తీసెయ్’ అన్నాడు. తీశాడు. ఆ తర్వాత ఆయన అడిగిన ఒక్క ముక్కా వాడికి వినిపించలేదు. జవాబు రాకపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది! ఆస్పత్రి కాగితమేమో ఫోన్లో, ఫోనేమో నా దగ్గర. పరుగున వెళ్లి చూపించేసరికి గేటు మూసే టైమ్. వాడి ఏడాది కష్టం ఐదు నిమిషాల తేడాతో గట్టెక్కింది.

ఇంతకీ అదేంటి?
కాక్లియర్ ఇంప్లాంట్ ప్రాసెసర్. మామూలు వినికిడి యంత్రం శబ్దాన్ని పెంచుతుంది. ఇది అలా కాదు. ప్రాసెసర్‌లోని మైకులు అందుకున్న శబ్దాన్ని చిప్ ఫ్రీక్వెన్సీల వారీగా విడగొట్టి కోడ్‌గా మారుస్తుంది. తలకు అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ఆ కోడ్‌నీ, పవర్‌నీ చర్మం కిందున్న ఇంప్లాంట్‌కు పంపుతుంది. అక్కడి నుంచి లోపలి చెవిలో అమర్చిన ఎలక్ట్రోడ్లు నేరుగా శ్రవణ నాడికి సంకేతాలిస్తాయి. లోపలి భాగానికి సాధారణంగా సొంత బ్యాటరీ ఉండదు. అంటే, బయటిది తీస్తే లోపలిది పనిచేయదు. వినిపించడం ఆగిపోతుంది.

మరి రిమోట్ ఎందుకు?
పెళ్లి బాజాల మధ్య ఒక ప్రోగ్రామ్, ప్రశాంతమైన గదిలో మరొకటి పెట్టుకోవాలి. వాల్యూమ్ మార్చుకోవాలి, బ్యాటరీ ఎంతుందో చూసుకోవాలి. కొన్ని కొత్త మోడళ్లలో ఈ పని ఫోన్ యాప్‌తోనే అయిపోతుంది. ఫోన్ ఆడియో కూడా నేరుగా ప్రాసెసర్‌కు వస్తుంది. కాబట్టి తనిఖీ చేసేవాళ్ల అనుమానం పూర్తిగా తప్పని అనలేం. పరిష్కారం తేలికే. ఫోన్, రిమోట్ బయట ఉంచాలి. ప్రాసెసర్ మాత్రం తలమీదే ఉండాలి.

మీరు వాడుతుంటే...
* దరఖాస్తులో వైకల్యం కాలమ్ వదిలేయకండి. నిర్వాహకులకు ముందే మెయిల్ రాసి, జవాబును ప్రింట్ తీసుకోండి.
* యూడీఐడీ కార్డు, ఇంప్లాంట్ గుర్తింపు కార్డు, ఆడియాలజిస్ట్ లేఖ... ఫోన్లో కాదు, చేతిలో ఉండాలి.
* ఆ ఉదయం కొత్త బ్యాటరీలు లేదా ఫుల్ ఛార్జింగ్ తప్పనిసరి.

మీ పక్క సీటు ఫ్రెండ్ వాడుతుంటే ఎదురుగా నిలబడి, అరవకుండా స్పష్టంగా మాట్లాడండి. చాలు.

ఈసీఈ మిత్రులకు ఒక మాట. సిగ్నల్ ప్రాసెసింగ్ ఎందుకు పనికొస్తుందిరా బాబూ అనుకుంటున్నారా? ఇందుకే! 1977లో వియన్నాలో తొలిసారి అమర్చిన మైక్రోఎలక్ట్రానిక్ మల్టీ ఛానల్ ఇంప్లాంట్‌ను భర్త ఎర్విన్‌తో కలిసి రూపొందించిన ఇంగెబోర్గ్ హోక్‌మైర్ ఎలక్ట్రికల్ ఇంజినీరే. 2013లో ఆమెకూ, మరో ఇద్దరికీ లాస్కర్ అవార్డు దక్కింది. ఇంటర్ విద్యార్థులైతే నాలుగేళ్ల బీఏఎస్‌ఎల్‌పీ కోర్సు చూడండి. ఒక్కొక్కరి వినికిడికి తగ్గట్టు ప్రాసెసర్‌ను సెట్ చేసేది, మాట నేర్పేది ఆ కోర్సు చదివినవాళ్లే.

మావాడు ఈ ఏడాది మళ్లీ పరీక్ష రాశాడు. మెయిల్ ముందే పంపాడు, కాగితాలు ఫైల్లో పెట్టుకున్నాడు. గేటు దగ్గర ఒక్క నిమిషమే పట్టింది.