నోట్సు మూశాక మిగిలేది ఎంత?

పోయిన ఎండాకాలంలో ఓ సాయంత్రం వరంగల్ మండీబజారులోని ఒక మోటార్ల వైండింగ్ షాపులో జరిగిన చిన్న సంఘటన ఇది. షాపు మా బావగారిది. మేమంతా ఆయన్ని దుల్హేభాయ్ అంటాం. అయిదో తరగతితో చదువు ఆగిపోయినా ముప్పై ఏళ్ళుగా ఆ చేతులతో వేల మోటార్లకు ప్రాణం పోశారు. ఆయన పెద్దకూతురు, అంటే మా ఆపా కూతురు, నగర శివారులోని ఒక కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుతోంది. మొత్తం ఖాందాన్‌లో ఇంజనీరింగ్ గడప తొక్కిన మొదటి ఆడపిల్ల.

ఆ రోజు అమ్మాయి అబ్బాకు టిఫిను డబ్బా ఇవ్వడానికి షాపుకు వచ్చింది. అదే సమయానికి ఇంటి నీళ్ళ మోటారు పట్టుకుని ఓ గిరాకీ వచ్చాడు. స్విచ్ వేస్తే మోటారు 'గుయ్' మంటోంది తప్ప తిరగడం లేదు. "ఇంజనీరు బిడ్డ ఉంది కదా సేఠ్, ఆమెనే చెప్పమను, ఏమైందో" అన్నాడు ఆయన నవ్వుతూ. ఎగతాళికి అన్న మాట కాదు, అభిమానంతో అన్నదే. కానీ అమ్మాయి నోట మాట రాలేదు. మోటారు వైపు చూసింది, అబ్బా వైపు చూసింది, తల దించుకుంది.

దుల్హేభాయ్ స్క్రూడ్రైవరుతో మోటారు వెనుక ఇరుసును ఒక్క తిప్పు తిప్పారు. మోటారు అందుకుని గిరగిరా తిరిగింది. "కండెన్సర్ పోయింది" అని కొత్తది వేసి పంపించారు. పది నిమిషాల పని. తర్వాత కూతురితో, "ఫికర్ నక్కో కర్ బేటా. పుస్తకంలో ఉండే మోటారు చప్పుడు చేయదు కదా!" అన్నారు.

ఓదార్పుగా అన్న ఆ మాటే ఆ పిల్లకు ముల్లులా గుచ్చుకుంది. ఎందుకంటే ఆమె 'ఎలక్ట్రికల్ మెషీన్స్' పేపరులో పదికి తొమ్మిది గ్రేడు పాయింట్లు తెచ్చుకుని అప్పటికి రెండు నెలలైనా కాలేదు!

జవాబు తన చేతిరాతలోనే ఉంది

ఆ రాత్రి నోట్సు తెరిచి చూసింది. సరిగ్గా అదే ప్రశ్న. సింగిల్ ఫేజు మోటారు తనంతట తాను ఎందుకు కదలదు? ఒకే ఫేజు కరెంటు పుట్టించే అయస్కాంత క్షేత్రం చుట్టూ తిరగదు, ఉన్నచోటే పెరుగుతూ తరుగుతూ దిశ మార్చుకుంటూ ఉంటుంది. దానిని ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు సమాన క్షేత్రాల కలయికగా భావించవచ్చు. ఆగివున్న మోటారును ఒకటి కుడికి, మరొకటి ఎడమకు సమానంగా లాగుతాయి కాబట్టి అది మూలుగుతుందే తప్ప కదలదు. ఒకవైపు కాస్త తోస్తే ఆ వైపు బలం పెరిగి తిరగడం మొదలవుతుంది. ఆ మొదటి తోపు ఇవ్వడానికే రెండో వైండింగు, దానికి జతగా కండెన్సరు ఉంటాయి.

ఇదంతా బొమ్మతో సహా ఆమె పరీక్షలో రాసింది. మార్కులూ తెచ్చుకుంది. కానీ మోటారు కళ్ళెదుట మూలుగుతుంటే అది తాను రాసిన జవాబేనని గుర్తుపట్టలేకపోయింది!

మరునాడు ఆమె నాకు ఫోన్ చేసి, "మామూ, నేను చదువుకున్నానా, రాసివచ్చానా?" అని అడిగింది. ఆ గొంతులో ఏడుపు ఉంది. దానికి కారణమూ ఉంది. ఇంటర్ కాగానే వచ్చిన ఒక మంచి సంబంధాన్ని "పిల్ల చదువు అయ్యాక చూద్దాం" అని దుల్హేభాయ్ వద్దన్నారు. బంధువులు నాలుగు మాటలన్నారు. ఫీజు రీయింబర్స్‌మెంటు పోగా మిగిలిన ఖర్చులకు ఆపా గాజులు బ్యాంకులో ఉన్నాయి. ఇంత పణంగా పెట్టి కొన్న చదువు గిరాకీ ముందు నోరు విప్పలేకపోతే ఎవరికైనా బాధ కలగదా?

సీటు వేరు, చదువు వేరు

1959లో వరంగల్‌కు రెండు పెద్ద విద్యాసంస్థలు వచ్చాయి. ఒకటి కాకతీయ వైద్య కళాశాల. మరొకటి ఆ ఏడాది అక్టోబరు 10న పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజనీరింగ్ కళాశాల. 2002లో అది ఎన్.ఐ.టి. అయింది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వెలిసింది. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. కూలీల, మెకానిక్కుల, చిరువ్యాపారుల పిల్లలు వృత్తివిద్యా కళాశాలల మెట్లెక్కగలిగారు. ఇది చిన్న విషయం కాదు. అయితే చట్టం సీటు వరకే చేయిపట్టి తీసుకెళుతుంది. ఆ సీటులో కూర్చున్నాక ఏం నేర్చుకోవాలన్నది విద్యార్థి చేతుల్లోనే ఉంటుంది.

నిజానికి ఏం నేర్చుకోవాలో సిలబస్ కాగితంలోనే రాసి ఉంటుంది. 2014 జూన్‌లో మన దేశం ఇంజనీరింగ్ విద్యకు సంబంధించిన వాషింగ్టన్ అకార్డ్ అనే అంతర్జాతీయ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఆ పద్ధతిలో గుర్తింపు కోరే కళాశాల, ప్రతి సబ్జెక్టు పూర్తయ్యాక విద్యార్థి ఏమేమి చేయగలగాలో 'కోర్సు అవుట్‌కమ్స్' పేరిట ముందే ప్రకటించాలి. మా అమ్మాయి సిలబస్‌లోనూ అవి ఉన్నాయి. రెండేళ్ళలో ఒక్కసారైనా చదవలేదట! "ఎవరూ చదవరు మామూ, అవి పరీక్షలో రావు" అంది.

గజాలీ నోట్సు, దొంగల నాయకుడు

ఆమెకు నేను ఇమాం గజాలీ (రహ్మ) గాథ చెప్పాను. 1058లో తూస్‌లో పుట్టిన ఆ మహావిద్వాంసుడు యువకుడిగా జుర్జాన్‌లో చదువుకుని, నోట్సులన్నీ మూటగట్టుకుని స్వస్థలానికి బయలుదేరాడు. దారిలో దొంగలు బిడారును దోచుకున్నారు. గజాలీ దొంగల నాయకుడి వెంటపడి, మిగతావన్నీ తీసుకోండి, ఆ కాగితాలు మాత్రం ఇవ్వండి, నా చదువంతా వాటిలోనే ఉందని వేడుకున్నాడట. కాగితాలు పోగానే పోయే చదువు నీది ఎలా అవుతుందని నాయకుడు నవ్వి, వాటిని తిరిగి ఇచ్చేశాడట. తూస్ చేరాక గజాలీ మూడేళ్ళపాటు ఆ నోట్సునంతా తన మనసుకు ఎక్కించుకున్నారని చరిత్రకారులు చెబుతారు.

"అంటే బట్టీయే కదా మామూ, నేనూ అదే చేశాను" అంది అమ్మాయి. మంచి ప్రశ్నే! తేడా గడువులో ఉంది. మనం పరీక్ష రోజు మధ్యాహ్నం దాకా పనికొచ్చేట్టు కంఠస్థం చేస్తాం. ఆయన ఏ దొంగా ఎత్తుకెళ్ళలేనట్టు, జీవితమంతా దాని మీద ఆలోచించగలిగేట్టు నేర్చుకున్నారు.

ఆ గజాలీయే తర్వాత 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో మనిషి తనతో తాను లెక్క చూసుకోవడాన్ని వ్యాపార భాగస్వాముల లెక్కతో పోల్చారు. వ్యాపారి ముందుగా షరతులు మాట్లాడుకుంటాడు, అది ముషారతా. పని జరుగుతుండగా ఓ కన్నేసి ఉంచుతాడు, అది మురాఖబా. చివరికి లాభనష్టాలు తేల్చుకుంటాడు, అది ముహాసబా. ఆత్మశుద్ధి కోసం చెప్పిన ఈ మూడు మెట్లు సెమిస్టరు చదువుకూ అక్షరాలా వర్తిస్తాయి. మనవాళ్ళలో చాలామందికి మొదటి మెట్టూ ఉండదు, మూడో మెట్టూ ఉండదు. నియ్యత్ లేకుండా మొదలుపెట్టి, లెక్క చూడకుండా ముగిస్తారు.

చదివినట్టు అనిపించడం, చదవడం

పరీక్ష ముందురోజు నాలుగుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఇది ఎంతవరకు నిజం? అమెరికాలోని సెయింట్ లూయిస్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే పరిశోధకులు దీనిని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మూడు విడతలు కాగితం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే చదివినవారిదే పైచేయి, 83 శాతానికి 71 శాతం. వారం తర్వాత లెక్క తలకిందులైంది. చదివినవారికి 40 శాతం, మూసి రాసినవారికి 61 శాతం గుర్తుంది! రెండు నెలల కిందటి తొమ్మిది గ్రేడు పాయింట్లు షాపులో ఎందుకు మూగబోయాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది.

ఇంకో చిక్కు భాష. పదో తరగతి వరకు ఉర్దూ మీడియంలో చదివిన మా అమ్మాయి, అర్థం కాని ఇంగ్లీషు వాక్యాన్ని ఉన్నదున్నట్టు అప్పజెప్పడం అలవాటు చేసుకుంది. మన గడ్డ మీదనే 1918లో ఉర్దూ మాధ్యమంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైందని ఎందరు పిల్లలకు తెలుసు? పాఠ్యగ్రంథాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే నెలకొల్పారు. అక్కడ ఉర్దూలో గణితం చదివిన హైదరాబాదీ రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి వెళ్ళి, జర్మనీలోని లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ వద్ద పరిశోధన చేసి, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే బోధించారు. విషయం సొంత భాషలో మనసుకెక్కితే పరాయి భాష తర్వాతైనా వస్తుంది. ఇంగ్లీషు అవసరమే, కాదనలేం. కానీ ఇంగ్లీషు మాటలు వచ్చినంత మాత్రాన విషయం వచ్చినట్టు కాదు.

అబ్బా ఖాతా పుస్తకం

దారి ఆ పిల్లకు షాపులోనే దొరికింది. దుల్హేభాయ్ దగ్గర ఒక పాత ఖాతా పుస్తకం ఉంది. తేదీ, గిరాకీ పేరు, మోటారు, దాని రోగం, చేసిన పని వరుసగా రాస్తారు. బాగుచేసిన మోటారు మళ్ళీ వాపసు వస్తే ఆ వరుస కింద ఎర్రగీత గీసి, ఎక్కడ పొరపడ్డారో రెండు ముక్కలు రాసుకుంటారు. "ఎర్రగీతలే నా ఉస్తాదులు" అంటారాయన. ముహాసబా అన్న మాట వాడకుండానే ముప్పై ఏళ్ళుగా ఆయన చేస్తున్నది అదే!

మూడో సంవత్సరం మొదలవగానే అమ్మాయి అలాంటి పుస్తకం ఒకటి పెట్టుకుంది. ప్రతి సబ్జెక్టుకు రెండు మూడు లక్ష్యాలు రాసుకుంది. '80 మార్కులు తేవాలి' అన్నట్టు కాదు. 'ట్రాన్స్‌ఫార్మర్ మీది పలక చదివి అది ఎంత లోడు మోయగలదో చెప్పాలి', 'స్టార్టరు విప్పి లోపలి రిలే ఏం చేస్తుందో చూపాలి', 'ఒక ఫేజు పోతే రైతు మోటారు ఎందుకు కాలుతుందో లెక్క వేయాలి', ఇలాంటివి. ప్రతి గురువారం రాత్రి నోట్సు మూసి, ఆ వారం పాఠాన్ని ఉర్దూలో అమ్మీకి చెబుతుంది. మా ఆపాకు కరెంటు సంగతి తెలియదు. "సమఝ్ మే నై ఆయా" అని ఆమె అన్నచోటల్లా ఎర్రగీత!

సెమిస్టరు ముగిశాక ఆ పుస్తకం నాకు చూపించింది. పద్నాలుగు లక్ష్యాల్లో తొమ్మిది నెరవేరాయి. అయిదింటి కింద ఎర్రగీతలున్నాయి. ఒక పేపరులో గ్రేడు తగ్గింది కూడా. అమ్మీకి చెప్పిన పాఠం ఇంగ్లీషులో వేగంగా రాయలేకపోవడమే కారణమని తానే రాసుకుంది. రాబోయే సెమిస్టరుకు అదే మొదటి లక్ష్యమట.

అయితే ఆ మధ్య జరిగిన ఒక సంగతి చెప్పి తీరాలి. వర్ధన్నపేట వైపు నుంచి ఒక రైతు కాలిపోయిన త్రీఫేజు మోటారు తెచ్చాడు. "నాలుగు నెలల్ల రెండోపాలి కాలింది బిడ్డా" అని వాపోయాడు. ఈసారి అమ్మాయి తల దించుకోలేదు. "కాకా, నడుస్తున్న మోటారుకు మూడు తీగల్లో ఒకటి పోయిందనుకో. బరువు అంతే ఉంటుంది, మోసేవి రెండే మిగులుతాయి. వాటిలో కరెంటు సుమారు 1.73 రెట్లవుతుంది. ఆ వేడికే వైండింగు కాలుతుంది. ఫేజు పోగానే మోటారును ఆపేసే పరికరం ఉంటుంది, స్టార్టరుకు పెట్టించుకో" అని తెలుగులో చెప్పింది. రైతు రెండుసార్లు అడిగి తెలుసుకుని, మోటారుతోపాటు దానికీ బయానా ఇచ్చి వెళ్ళాడు.

"నా గిరాకీ పోగొట్టావు బేటా!" అన్నారు దుల్హేభాయ్. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలోని వెలుగు నేను స్వయంగా చూశాను.

తల్లిదండ్రులారా! ఈసారి పిల్లలు పరీక్ష రాసి ఇంటికి వచ్చినప్పుడు ఎన్ని మార్కులొస్తాయని అడిగి ఊరుకోకండి. నోట్సు మూయించి, పక్కన కూర్చోబెట్టుకుని, "ఏం నేర్చుకున్నావో మాకు అర్థమయ్యేట్టు చెప్పు" అని అడగండి. మీకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. అర్థం కాలేదని నిజాయితీగా చెబితే చాలు.